ఊరవతలి మాటలు – 9: మారుమూల అంటే ఎవరికి మూల?

"మారుమూల గ్రామం కావడంతో సకాలంలో వైద్యం అందక బాలింత మృతి."

మిత్రులారా, ఈ వాక్యాన్ని మీరు ఎన్నిసార్లు చదివుంటారు? ఊరి పేరు మారుతుంది, మనిషి పేరు మారుతుంది. పక్కనే డోలీ ఫోటో ఉంటుంది. ఏటా వానాకాలంలో ఇదే వాక్యం మళ్ళీ అచ్చవుతుంది.

పాఠం చెప్పుకు బతికేదాన్ని కాబట్టి ముందు వాక్యాన్నే విప్పి చూస్తాను. ఆ తల్లి ఎందుకు చనిపోయింది? వైద్యం అందక. వైద్యం ఎందుకు అందలేదు? మారుమూల గ్రామం కావడంతో. అంతే, కారణం దొరికిపోయింది. తప్పు ఊరిది. అది వెళ్ళి అంత దూరంలో కూర్చుంది. రోడ్డు వెయ్యని శాఖ, ఖాళీగా పడున్న డాక్టరు పోస్టు, పైళ్ళలో ఆగిన వంతెన ఏవీ ఈ వాక్యంలో లేవు. ఒక్క "మారుమూల"తో అందరూ బయటపడ్డారు.

అందుకే ఈ భాగం పూర్తిగా ఈ మాట మీదే. దీని చుట్టాలు ఇంకా చాలా ఉన్నాయి: కుగ్రామం, శివారు, లోతట్టు ప్రాంతం, ఏజెన్సీ, మన్యం. ఇవన్నీ దూరాన్ని కొలిచే మాటల్లా కనిపిస్తాయి. ఏ ఒక్కదానిలోనూ కిలోమీటర్లు లేవు.

"మారుమూల" సంగతే చూడండి. మూల ఉండాలంటే ముందు గది ఉండాలి. గదికి నడుమ ఉండాలి. నడుమ కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికే మూల కనపడుతుంది. మూలలో ఉన్నవాడికి అది మూల కాదు, వాడి ఇల్లు. ఇక "కుగ్రామం". కుబుద్ధి, కుతంత్రం, కుసంస్కారం అన్న మాటల్లో ఉన్న ఆ "కు"నే ఇక్కడా తగిలించాం. ఊరు చిన్నదైతే చెడ్డదైపోతుందా? వంద గడపల ఊరు చేసిన తప్పేమిటి? కానీ పాఠ్యపుస్తకాల్లో మహానుభావులందరూ "ఒక కుగ్రామంలో జన్మించారు". చిన్నప్పుడు అది చదివి కుగ్రామం అంటే ఊరి పేరనుకున్న పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

మా తెలుగు శాఖవాళ్ళమూ తక్కువేం తినలేదు. వ్యాకరణానికి సరిపడని భాషకి పెట్టిన పేరు "గ్రామ్యం". గ్రామంలో మాట్లాడేది కాబట్టి గ్రామ్యం, గ్రామ్యం కాబట్టి తప్పు. నగరం నుంచి నాగరికత వచ్చింది, గ్రామం నుంచి గ్రామ్యం వచ్చింది. చిన్నయసూరి కాలం నుంచి పిల్లకాయల నోట్లోంచి తీసెయ్యాల్సిన మురికి అది. గిడుగు రామమూర్తి గారు దాని మీద పోరాడారు. సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి బడులు పెట్టించిన మనిషి ఆయన. ఆ గౌరవం ఆయనకి ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ ఉద్యమం గెలిపించిన వాడుక భాషకి కూడా ముందొక విశేషణం తగులుకుంది: "శిష్ట" వ్యావహారికం. గ్రాంథికం పోయినా గుమ్మం పోలేదు. మా అమ్మ మాట ఆ గుమ్మం బయటే నిలబడింది.

ఇప్పుడు మా అమ్మ మాట చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లె. మా అమ్మ మిరపకోతకి వెళ్ళేది. సాయంత్రం కూలి డబ్బులకి బయలుదేరుతూ, "ఊళ్ళోకి పోయొస్తా, పొయ్యి మీద అన్నం చూడు" అనేది. రోజూ వినే మాటే. ఒకరోజు నాకు అనుమానమొచ్చి అడిగాను: "ఊళ్ళోకి పోవడమేందమ్మా? మనం ఊళ్ళో లేమా?"

"మనం పల్లెలో ఉన్నాం. ఊరు ఊరే, పల్లె పల్లే" అంది. అక్కడితో అయిపోయింది.

మా పల్లెకీ ఊరికీ మధ్య ఒక కాలవ, ఒక చింతచెట్టు, నాలుగెకరాల పొలం. గట్టిగా నడిస్తే ఐదు నిమిషాలు. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు మేం ఊళ్ళోనే ఉంటాం. బస్సు మాత్రం ఊళ్ళో ఆగుతుంది. సిమెంటు రోడ్డు మా చర్చి కనపడేదాకా వచ్చి ఆగిపోయింది, చాలా ఏళ్ళు అట్లాగే ఉంది. మంచినీళ్ళ పైపు కూడా ముందు ఊరంతా తిరిగి, ఆఖర్న ఒత్తిడి తగ్గాక మా దగ్గరికి వచ్చేది. ఆ ఐదు నిమిషాల దూరం దాటడానికి కరెంటుకీ, నీళ్ళకీ, రోడ్డుకీ ఏళ్ళకేళ్ళు పట్టింది. ఊళ్ళోవాళ్ళు పొలం పనికి పిలిచే కేక మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. తెల్లారి నాలుక్కే వచ్చేసేది.

పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష రోజు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు సిద్ధాంత గ్రంథం మూసి, నిజంగా ప్రేమగానే అన్నారు: "మారుమూల పల్లె నుంచి ఇంత దూరం వచ్చావమ్మా, సంతోషం."

"సార్, మా పల్లె గుంటూరుకి 22 కిలోమీటర్లు. మీ ఊరెక్కడండీ?" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. వాళ్ళ ఊరికి బస్సు లేదట. రోడ్డు మీద దిగి ఏడు కిలోమీటర్లు లోపలికి నడవాలట. మధ్యలో ఏరు దాటాలట. వానాకాలం పడవేనట. "అచ్చమైన పల్లెటూరమ్మా మాది, ఆ గాలే వేరు" అన్నారు.

చూశారా. ఏరు దాటి ఏడు కిలోమీటర్లు నడిచే ఆయనది అచ్చమైన పల్లెటూరు. జిల్లా కేంద్రానికి ముప్పావు గంట దూరంలో ఉన్న నాది మారుమూల. దూరాన్ని ఆయన కిలోమీటర్లతో కొలవలేదు. నన్ను చూసి కొలిచారు.

ఈ "పల్లె" అన్న మాటతో ఇంకో తిరకాసుంది. పాటల్లో, పద్యాల్లో, సంక్రాంతి సంచికల్లో పల్లె అంటే ముగ్గులు, మండువా ఇళ్ళు, గంగిరెద్దులు. మా వైపు పల్లె అంటే మేముండే చోటు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో అచ్చువేసిన నవల పేరు "మాలపల్లి". ఆ పేరులో ఉన్నది ఈ రెండో పల్లె. రెండు పల్లెలకీ ఒకటే అక్షరాలు, మధ్యన ఒక కాలవ.

ప్రాంతం మారితే మా చోటి పేరు మారుతుంది. తెలంగాణలో వాడ. కర్నూలు వైపు గేరి. చిత్తూరు వైపు మాలిండ్లు, మాదిగిండ్లు. గోదావరి వైపు పేట, గూడెం. తర్వాత దానికి హరిజనవాడ అని ఒకరు, అరుంధతివాడ అని ఒకరు, క్రిస్టియన్‌పేట అని ఒకరు, ఎస్సీ కాలనీ అని ఇంకొకరు పేరు పెట్టారు. ఇన్ని పేర్లలో ఒక్కదానికి కూడా "ఊరు" అని చివర లేదు. ఆ ఒక్క మాట మాత్రం దాచుకున్నారు.

నిజంగా దూరమే కష్టానికి కారణమైతే చరిత్ర వేరేలా ఉండేది. కారంచేడు చీరాల పక్కనే ఉంది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురిని చంపారు. చుండూరు తెనాలి పక్కనే, సొంత రైల్వే స్టేషనున్న ఊరు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. ఇవి మారుమూలలు కావు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు విద్యార్థులు క్యాంపస్ నడిబొడ్డున గుడారం వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. వాళ్ళలో రోహిత్ ఒకడు. మహానగరంలో, పుస్తకాల మధ్యలో, అందరూ టీ తాగే చోట వెలివాడ. దూరం సున్నా.

ఇక ప్రభుత్వ కాగితాల దగ్గరికి వద్దాం. మా పల్లె ఒక రెవెన్యూ గ్రామం కాదు. ఊరి లెక్కలో కలిసి ఉంటుంది. విడిగా నాలుగు ఇళ్ళున్న చోటుని మజరా అంటారు, శివారు అంటారు. ఎప్పుడూ ఇంకో ఊరికి తోకే. తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో ఇంకో మాటుంది: బేచిరాక్. "చిరాగ్" అంటే దీపం, "బే" అంటే లేని. దీపం లేని ఊరు. ఎప్పుడో కరువుకో, రోగానికో జనం లేచిపోయి, మనిషన్నవాడు లేని గ్రామాన్ని రికార్డుల్లో బేచిరాక్ గ్రామం అంటారు. ఎంత అందమైన మాట, ఎంత దిగులు మాట!

కానీ ఒక్కటి గమనించండి. దీపం లేని ఆ ఊరికి ఇప్పటికీ సొంత పేరుంది. సొంత హద్దులున్నాయి. సొంత పటం ఉంది. సర్వే నంబర్లున్నాయి. ఎందుకంటే అక్కడ భూమి ఉంది, ఆ భూమికి యజమానులున్నారు. వందల దీపాలు వెలిగే మా పల్లెకి అవేవీ లేవు. ఎందుకంటే మాకు భూమి లేదు. అంటే కాగితం దృష్టిలో ఊరు అంటే మనుషులు కాదన్నమాట, పొలాలు. ఈ సంగతి అర్థమయ్యాక నాకు మారుమూల అన్న మాట మీద ఉన్న మిగతా అనుమానాలూ తీరిపోయాయి.

ఉద్యోగం నన్ను మా పల్లె నుంచి ఇంకో "మారుమూల"కి తీసుకెళ్ళింది. చింతూరు వైపు, గోదావరికి అవతల ఏజెన్సీలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఆర్డరు చూసి తెలిసినవాళ్ళు పరామర్శకి వచ్చారు. "అయ్యో, శంకరగిరి మాన్యాలు పట్టించారే నిన్ను" అన్నారు. బతుకు చెడి దేశాలు పట్టిపోవడానికి తెలుగులో ఉన్న జాతీయం అది. లక్షల మంది పుట్టి పెరిగి కాపురాలు చేసుకుంటున్న చోటు, మన ఉద్యోగులకి శిక్ష. అక్కడికి శిక్ష మీద వెళ్ళిన మనిషి అక్కడి పిల్లలకి ఏం చదువు చెబుతాడు? సోమవారం మధ్యాహ్నం వచ్చి గురువారం బస్సెక్కుతాడు.

"ఏజెన్సీ" అన్న మాట ఎట్లా వచ్చిందో చాలామందికి తెలియదు. 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు చట్టాల నుంచి, మామూలు కోర్టుల నుంచి పక్కకి తీసి, కలెక్టర్ని గవర్నరుకి "ఏజెంట్"గా పెట్టింది. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 1874లో షెడ్యూల్డ్ జిల్లాలు. 1919 చట్టంలో వెనకబడిన ప్రాంతాలు. 1935 చట్టంలో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు. చదువుతూ పోండి: పక్కకి తీసినవి, వెనకబడినవి, మినహాయించినవి. ముందు చట్టంతో పక్కకి తీసి, తర్వాత పక్కనున్నాయి కాబట్టి వెనకబడ్డాయన్నారు. తెల్లవాళ్ళ ఏజెంటు పోయి ముప్పాతిక శతాబ్దం దాటింది. మన బస్సు బోర్డుల మీద, పేపర్ల మీద ఇంకా ఏజెన్సీయే.

అయిదో షెడ్యూలు వల్ల ఆదివాసీల భూమికి దొరికిన రక్షణ చిన్నది కాదు. దాన్ని కాపాడుకోవాలి. నేనంటున్నది పేరు గురించి. నేను పనిచేసే వైపు ఇంకో పేరు కూడా ఉంది: "ముంపు మండలాలు". 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఏడు మండలాలకి అదే పిలుపు. మీరెక్కడైనా చూశారా, ఒక ప్రాంతానికి దాని చావుతో పేరు పెట్టడం? పిల్లలు అడ్రసు చెప్పేటప్పుడు "ముంపు మండలం మేడం" అని మామూలుగా చెబుతారు. ఇంకా మునగని ఊళ్ళు కూడా ఆ పేరు మోస్తున్నాయి. లేచిపోయినవాళ్ళకి మళ్ళీ దొరికే పేరేమిటో తెలుసా? పునరావాస కాలనీ. మాకు తెలిసిన మాటే. కాలనీ.

మొదటి సంవత్సరం పిల్లలకి ఒకసారి "మా ఊరు" అని వ్యాసం రాయమన్నాను. ముప్పై చిల్లర కాగితాలొచ్చాయి. దాదాపు అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే: "మాది ఒక మారుమూల గిరిజన గ్రామం." గైడులో అట్లా ఉంది, పేపర్లో అట్లా ఉంది. వాళ్ళ ఊరి గురించి మొదటి వాక్యం ఎవరో ముందే రాసి పెట్టారు.

మరుసటి రోజు తరగతిలో అడిగాను. "మీ ఇంట్లో, కోయలో, మారుమూల అనాలంటే ఏమంటారు?"

వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. చివరికి వెనక బెంచీ అమ్మాయి లేచింది. "అట్ల అనం మేడం. మా అమ్మకి మా ఊరు దూరం కాదు. చింతూరే దూరం అంటది."

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బోర్డు మీద రెండు మాటలు పక్కపక్కన రాశాను. కోయలో, గోండిలో ఊరిని నార్ అంటారు. తెలుగులో నాడు. పలనాడు, వెలనాడు, రేనాడులో ఉన్న నాడు. ఇవి రెండూ తోబుట్టువులే అంటారు ద్రావిడ భాషలు చదివినవాళ్ళు. కువి భాషలో అదే మాట నాయు, అర్థం ఊరు. పాతకాలంలో నాడుకి ఎదురు మాట కాడు. నాడంటే మనుషులు నిలబడి బతికే నేల. కాడంటే అడవి. ఆ కాడు తెలుగులో జారిజారి వల్లకాడు దగ్గరికి చేరింది. మీరు కాడు అని చూపించే చోటుని వాళ్ళు ఎప్పటినుంచో నాడు అనే పిలుచుకుంటున్నారు.

ఆ రోజు అదే వ్యాసం మళ్ళీ రాయమన్నాను, మొదటి వాక్యం మాత్రం గైడుది వద్దని. ఒకబ్బాయి "మా ఊళ్ళో నలభై ఇళ్ళు, ఒక వాగు, రెండు బోర్లు, ఒకటి పనిచెయ్యదు" అని మొదలుపెట్టాడు. మారుమూల అన్న మాటలో లేని సమాచారమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఏది బాగుచెయ్యాలో కూడా ఉంది.

కొందరు మిత్రులు అడుగుతుంటారు, పేర్లు మారిస్తే బతుకులు మారతాయా అని. 2024 జూన్‌లో కేరళ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ నివాసాలకి కాలనీ అన్న మాట తీసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి కూడా అసెంబ్లీలో అదే ప్రకటించారు. నేను దాన్ని తక్కువ చెయ్యను. దరఖాస్తులో అడ్రసు రాసేటప్పుడు కులం బయటపడుతుందని చెయ్యి ఆగిన పిల్లకి ఆ ఉత్తర్వు విలువ తెలుసు. కానీ పేరుతో పాటు పెత్తనం కూడా మారాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. తండా పేరు తండాగానే ఉంది. ఇంకో ఊరికి తోకగా ఉండటం పోయింది. నిధులు చాలడం లేదన్న గొడవ వేరే, అది నిజమే. అయినా సంతకం పెట్టే చెయ్యి తండాలోనే ఉంది.

వాడకి అది కూడా లేదు. బాబాసాహెబ్ ఊరిని నమ్మలేదని మనందరికీ తెలుసు. 1942లో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహాసభ దళితులకి విడిగా గ్రామాలు కావాలని తీర్మానించింది. చాలామందికి అది అతిగా అనిపిస్తుంది. మా అమ్మకి చెబితే అతిగా అనిపించలేదు. "విడిగానే ఉన్నాంగా, దానికి ఊరని పేరెట్టి నేలిస్తే చాలు" అంది.

కాబట్టి మిత్రులారా, ఒక పని చేద్దాం. మీలో విలేకరులున్నారు, టీచర్లున్నారు, కథలు రాసేవాళ్ళున్నారు. ఇకమీదట "మారుమూల" అని రాయబోయినప్పుడు ఆగి, ఆ మాట చోట మూడు సంగతులు రాయండి. ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు. రోడ్డు మంజూరైందా లేదా. మంజూరైతే ఎవరి బల్ల మీద ఆగింది. వాక్యం పొడవవుతుంది, ఫర్వాలేదు. బాలింత చావుకి పొట్టి వాక్యం సరిపోదు.

అట్లాగే మీ వైపు వాడని ఏమంటారో, ఊళ్ళోవాళ్ళు అనేదొకటి, మీరనుకునేది ఒకటి, రెండూ రాసి పంపండి. జిల్లాలవారీగా పోగేస్తున్నాను. వచ్చే భాగం పొలిమేర గురించి: పొలిమేర దేవతకి బలిచ్చేది ఎవరు, పొలిమేర లోపలికి రానిది ఎవరిని.

జై భీమ్.